తుప్పు పట్టని సామాను

పచ్చిపులుసు చేద్దామని బతుకమ్మ చింతపండు డబ్బా తీసింది. అడుగున నాలుగు గింజలు, కాస్త పీచు తప్ప ఏమీ లేదు. నిన్న సాయంత్రం దాకా నిండుగా ఉన్న డబ్బా అది. ఎలుకలు చింతపండు ముట్టవు. ఇంట్లో ఉన్నది ఇద్దరే మనుషులు. రెండో మనిషి కోసం వెతకాల్సిన పని కూడా లేదు, పెరట్లో రేకుల షెడ్డులోంచి గరగరమని గీకుడు చప్పుడు వస్తూనే ఉంది.

కొంగు నడుముకు దోపుకుని అటు నడిచింది.

"ఇగో, చింతపండంత ఏం జేసినవ్?"

ఆదినారాయణ తల ఎత్తకుండానే పక్కనున్న బకెట్ చూపించాడు. చిక్కటి పులుసులో అంబాసిడర్ కారు తలుపుల పిడులు, హెడ్‌లైట్ల చుట్టూ ఉండే రింగులు మునిగి ఉన్నాయి.

"నానితే తుప్పు మెత్తబడ్తది" అన్నాడు.

"అర్ధకిలో చింతపండు! ఈ ఇంట్ల మనుషులు తినాలెనా, కారు తినాలెనా?"

"నువ్వు ఇత్తడి బిందెలు దాంతోని తోమవా? నేను తోమితే తప్పొచ్చిందా?"

బతుకమ్మకు నవ్వు రాబోయి ఆగింది. రింగు ఒకటి పైకి తీసి చూసింది. ఎర్రటి పొక్కులు ఊడి, కింద నుంచి తెల్లటి మెరుపు తొంగిచూస్తోంది. కొడుకు కారు మెరుపు. రింగును మళ్ళీ పులుసులో వేసి, మాట మార్చింది.

"మంచం కింద కిరోసిన్ క్యాన్ ఉన్నది గద. దాంట్ల వేస్తె ఒక్క పూటల పోతుండె. ముప్పై ఏండ్లు గనిల గదే పని జేసినవ్. తేవాల్నా?"

"వద్దు!"

ఆ అరుపుకు రేకుల మీదున్న కాకి లేచిపోయింది. ఆయన చేతిలోని వైర్ బ్రష్ కింద పడింది.

"దాన్ని ఈ షెడ్డుల అడుగు పెట్టనియ్యకు" అన్నాడు, ఈసారి మెల్లగా.

బ్రష్ అలా జారిపోవడం బతుకమ్మ చూసింది. వయసు అనుకుంది. పచ్చిపులుసు లేని అన్నం ఎలా దిగుతుందా అని ఆలోచించుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆ అరుపు మాత్రం రోజంతా ఆమె వెంట తిరిగింది.

ఆ కాలపు ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. కొడుకు సంపత్ పుట్టిన నాటి నుంచి బతుకమ్మ ఆయన్ను 'సంపత్ నాయినా' అని పిలిచేది. వీధి చివర నిలబడి ఆమె ఆ పిలుపు పిలిస్తే, బొగ్గు గని నుంచి వస్తున్న ఆదినారాయణ సైకిల్ వేగం దానంతటదే పెరిగేదని చుట్టుపక్కల వాళ్ళు ఆటపట్టించేవారు. తొమ్మిదేళ్ళ కింద ఆ పిలుపు ఆగిపోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయన పేరు 'ఇగో'.

సంపత్ పాత అంబాసిడర్ కొనుక్కుని భద్రాచలం యాత్రికులకు కిరాయి తిప్పేవాడు. కొత్త కార్లు బారులు తీరినా ఆ బండినే పట్టుకుని వేలాడేవాడు. దుమ్ముగూడెంలో నర్సుగా పనిచేసే లంబాడా పిల్ల సువర్ణను ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికి ముందు నెల రోజులు అలిగి మంచమెక్కిన బతుకమ్మ, పెళ్ళయ్యాక కోడలి చేతి జొన్నరొట్టెకు లొంగిపోయింది. ఏడాది పాటు ఆ ఇంట్లో నవ్వులకు కొదవ లేదు.

ఆ ఏడు శ్రావణంలో గోదావరి పొంగుతుంటే, డ్యూటీ అయిపోయిన సువర్ణ తీసుకుపొమ్మని ఫోన్ చేసింది. సంపత్ బయల్దేరాడు. దుమ్ముగూడెం రోడ్డు మీద మలుపులో కారు టేకు చెట్టుకు గుద్దుకుంది. కారులో పడి ఉన్న ఫోన్‌లో ఆరు మిస్డ్ కాల్స్, ఆరూ సువర్ణవే. ఫోన్ చూస్తూ తోలాడని ఊరు తేల్చేసింది. ఊరు తేల్చిన దాన్ని బతుకమ్మ పట్టుకుంది. పదకొండో రోజున కోడల్ని గేటు బయట నిలబెట్టి, "నీ ఫోనే నా కొడుకును మింగింది, మళ్ళ ఈ గడప తొక్కకు" అంది. సువర్ణ ఎదురు మాట్లాడలేదు. ఆ మాటను నమ్మినవాళ్ళలో అందరికంటే గట్టిగా నమ్మింది ఆ పిల్లే.

లారీలో వచ్చిన కారును ఆదినారాయణ షెడ్డులోకి తోయించి, టార్పాలిన్ పట్టా కప్పేశాడు. తొమ్మిదేళ్ళు ఆ పట్టా లేవలేదు.

పోయిన నెలలో సువర్ణ తండ్రి మంగీలాల్ వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి మాట్లాడాడు.

"బావా, నీతోని ఒక మాట చెప్పిపోదామని వచ్చిన. బోనకల్ నుంచి పిల్లకు సంబంధం వచ్చింది. రైల్వేల పని. మంచోడు, అంత తెలిసే అడుగుతుండు."

"మంచిమాటే గద" అన్నాడు ఆదినారాయణ.

"మాకు మంచిదే, పిల్ల ఒప్పుకోవాలె గద. 'ఫోన్ చేసి ఒకన్ని చంపుకున్న, ఇంకొకన్ని చంపుకోను' అంటది. అన్నం ముందట కూసొని ఏడుస్తది. శ్రావణం దాటితె వాళ్ళు వేరే చూసుకుంటరట. నువ్వు ఒక్క మాట చెప్పు బావా. నువ్వంటె దానికి దేవుడు."

దేవుడు అన్న మాట వినగానే ఆదినారాయణ ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. మంగీలాల్ వెళ్ళాక చాలాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆ మర్నాడే పట్టా తీశాడు.

ముందు బతుకమ్మ దెబ్బలాడింది. చచ్చిన కొడుకును మళ్ళీ తవ్వుతున్నావా అని ఏడ్చింది. ఆయన పానా అందుకున్నాడు. బంపర్ విప్పాడు, గ్రిల్ విప్పాడు. గరుకు కాగితంతో రుద్ది, నీళ్ళు పోసి కడిగి, ఎండ కాచిన కాసేపట్లో ఆరబెట్టి, మళ్ళీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూశాడు. వంగిన బానెట్‌ను చెక్కసుత్తితో కొట్టి కొట్టి సాపు చేశాడు. తుప్పు తిని చిల్లులు పడ్డచోట రేకు ముక్కలు అతికించాడు. రోజుకో సామాను చొప్పున ఆ కారు లేచి కూర్చుంటుంటే బతుకమ్మ కోపం కూడా రోజుకింత చొప్పున కరిగింది. కొన్నాళ్ళకు ఆమే చీపురుతో లోపలి బూజు దులిపింది. సీటు కింద సంపత్ దువ్వెన దొరికితే కళ్ళకద్దుకుని రవికెలో దాచుకుంది.

ఒకరోజు స్టీరింగ్ కింద తుడుస్తూ కేకేసింది.

"ఇగో, ఇటు చూడు. ఈ పెడలేంది గిట్ల వంకర పోయింది? పక్కదేమో మంచిగనే ఉన్నది."

ఆదినారాయణ రంగు డబ్బా మూత బిగిస్తున్నాడు. బిగిస్తూనే ఉన్నాడు.

"పాత బండి గద" అని బయటికి పోయాడు.

పోయింది వాన చినుకుల్లోకి. గొడుగు లేదు, చెప్పులు లేవు. బతుకమ్మ చూస్తూ ఉండిపోయింది.

ఇంకోటి కూడా ఆమెను తొలుస్తోంది. బండి మొత్తం కొత్తదవుతోంది గానీ నాలుగు చక్రాలు అలాగే ఉన్నాయి. ఎర్రగా తుప్పు కారుతూ, సాలెగూళ్ళు పట్టి, ఒక్క బోల్టు కదపలేదు. మొదట అవే విప్పాలి కదా? రెండుసార్లు అడిగింది. "చూద్దాం" అన్నాడు. మూడోసారి అడిగితే పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో, కొడుకు పోయిన రోజున తప్ప, ఆయన అన్నం వదిలి లేవడం బతుకమ్మ ఎరగదు.

వానలు ముదిరాయి. అడవి మీద నుంచి వచ్చే గాలి రాత్రింబగళ్ళు రేకుల్ని లేపుతోంది. భద్రాచలం దగ్గర గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక దాటిందని టీవీలో చెప్పారు. సంపత్ పోయిన రోజు కూడా ఇలాంటిదే. ఆ తేదీ దగ్గర పడుతున్న కొద్దీ ఆదినారాయణ మాట తగ్గిపోయింది. చేయాల్సిన సామాను అయిపోతోంది. హారన్ కూడా తోమేశాడు. తోమిందే మళ్ళీ తోముతున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. ప్రతి ఏడూ వచ్చినట్టే సువర్ణ వచ్చింది. బస్సు దిగి గేటు దగ్గర నిలబడింది. సంపత్‌కు ఇష్టమైన బెల్లం జిలేబీ పొట్లం గోడ మీద పెట్టింది. ప్రతి ఏడూ ఆమె వెళ్ళాక బతుకమ్మ ఆ పొట్లం విప్పి కోళ్ళకు వేస్తుంది. ఈసారి ఆమె వెళ్ళేదాకా ఆగలేదు.

"ఎందుకొస్తవే ఏటేట? చచ్చిండో లేదో చూసిపోదామనా?"

సువర్ణ తల వంచుకుంది. ముప్పై మూడేళ్ళ మనిషి, చెంపల మీద వెంట్రుకలు అప్పుడే నెరిశాయి.

"ఇదే ఆఖరు అత్తమ్మా. ఇగ రాను. బోనకల్ వాళ్ళకు ఇయ్యాళ సాయంత్రం జవాబు చెప్పాలె. వద్దని చెప్తున్న. పై ఊళ్ళకు బదిలీ పెట్టుకున్న. ఎవరికీ ఫోన్ చేసే పని లేకుంట బతుకుత." షెడ్డు వైపు చూసింది. "ఒక్కపాలి ఆ బండిని చూసి పోత. మామయ్య బాగుచేస్తుండని మీ ఊరోళ్ళు బాపుకు చెప్పిండ్రట."

"దాని మీద నీ చెయ్యి పడనియ్య!"

"బతుకమ్మా!"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఆదినారాయణ భార్యను పేరు పెట్టి పిలవడం ఎన్నడూ లేదు. షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో పానా, ఒక చేతిలో సుత్తి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గేటు తియ్యి. పిల్లను రానియ్యి. ఇద్దరూ ఇటు రాండ్రి."

"నేను తియ్య."

"అయితే నేనే తీస్త."

తీశాడు. సువర్ణ అడుగు లోపల పెట్టడానికి భయపడింది. ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి షెడ్డులో స్టూలు మీద కూర్చోబెట్టాడు. బతుకమ్మ శాపనార్థాలు పెడుతూనే వెనక వచ్చింది. అప్పటికే ముందు చక్రం కింద జాకీ ఎత్తి ఉంది.

బోల్టులు కదల్లేదు. పానాకు గొట్టం తొడిగి, ఒళ్ళంతా వేలాడేసి తిప్పాడు. ఒక్కొక్కటి కీచుమంటూ లొంగింది. చక్రం ఊడింది. లోపలి ఇనుప డ్రమ్ము బిగుసుకుపోయి ఉంది. సుత్తితో చుట్టూ కొడుతుంటే తుప్పు పెళ్ళలు పెళ్ళలుగా ఆయన పాదాల మీద రాలింది. వాన రేకుల మీద దంచుతోంది. ఏం చేస్తున్నాడో అర్థం కాక బతుకమ్మ నోరు దానంతటదే మూతపడింది.

డ్రమ్ము వచ్చింది. లోపల బ్రేక్ షూలు, స్ప్రింగులు అన్నీ ఎర్రమన్ను ముద్దలా ఉన్నాయి. వాటి మధ్య నుంచి, బ్రేకు నూనె చేరే బొటనవేలంత లావు సిలిండర్ విప్పి, స్టూలు దగ్గరికి తెచ్చాడు.

"సువర్ణా, ఈ బండిల తుప్పు పట్టని సామాను ఏదన్న చూసినవా?"

"లేదు మామయ్యా."

"ఇగో చూడు."

కొస మీది తొడుగు పీకి, లోపలి ముక్కల్ని పుల్లతో బయటికి తోశాడు. చిక్కటి నూనె ఆయన వేళ్ళ మీదుగా కారింది. సిలిండర్ లోపలంతా అద్దంలా తళతళలాడుతోంది. దాంట్లోంచి పడ్డ రబ్బరు బిళ్ళ నానిన శనగగింజలా ఉబ్బి, ఒక పక్కకు మడతపడి ఉంది.

ఆదినారాయణ నేల మీద కూలబడ్డాడు.

"బ్రేకు నూనె పోస్తె ఇన్నేండ్లకు చెమ్మ గుంజి లోపలంత తుప్పు పట్టాలె. ఇది బ్రేకు నూనె కాదు, గని వర్క్‌షాపు నూనె. నేను పోసిన."

ఆదినారాయణ ఆ రబ్బరు బిళ్ళను వేలితో చూపించాడు.

"వాడు పోయే ముందటి ఆదివారం, 'నాయినా, బ్రేకు మెత్తగ పడ్తుంది, మెకానిక్ షెడ్డుకు తీస్కపోత' అన్నడు. నేనే వద్దన్న. గనిల గంతంత యంత్రాలు బాగుచేసినోన్ని, ఇదేం పెద్ద పని అన్న. అన్ని సామాన్లు కిరోసిన్‌ల కడిగి, నూనె పెట్టి బిగిచ్చిన. ముప్పై ఏండ్ల చేతి అలవాటు. ఆదివారం దుకాణం బందున్నదని ఇంట్ల క్యాన్‌ల ఉన్న నూనెనే పోసిన. నాలుగు రోజులు మంచిగ పడ్డది బ్రేకు. 'నాయినా, నీ చెయ్యి పడితె తిరుగు లేదు' అన్నడు వాడు."

అక్కడ ఆగి, మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. నూనె మరక చెంపకు అంటింది.

"వాడు పోయినంక, రిటైరైన ఏడు రెడ్యా మెకానిక్ షెడ్డుకాడ కూసున్న. బ్రేకు రబ్బర్లను కిరోసిన్‌ల వేసిండని పనోన్ని కొట్టబోయిండు రెడ్యా. 'గసొంటి నూనెలు తగిల్తె రబ్బరు ఉబ్బి మడతపడ్తది, తొక్కినా బ్రేకు పడదు, మనుషుల్ని చంపుతవా' అన్నడు. గప్పుడు తెలిసింది నాకు. విప్పి చూడనంత సేపు, ఏమో కాకపోవచ్చు అనుకుంట బతికిన. గందుకే చక్రాలు ముట్టలే."

"పెడలు..." అంది బతుకమ్మ. ఆ గొంతు ఆమెదిలా లేదు.

"అవ్. పెడలు వంగింది వాని తొక్కుడుకే. ఫోన్ చూసేటోని కాలు గంత బలంగ తొక్కదు." ఆయన సువర్ణ వైపు తిరిగాడు. "వాడు ఫోన్ చూడలే బిడ్డా. రోడ్డే చూసిండు. మలుపు చూసిండు, చెట్టు చూసిండు. బండి ఆపుదామని పానం పెట్టి తొక్కిండు. నేనే ఆగనియ్యలే."

సువర్ణ కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తోంది.

"మళ్ళ చెప్పు మామయ్యా."

"రోడ్డే చూసిండు."

"నా ఫోన్ కాదా?"

"కాదు బిడ్డా."

"మళ్ళ ఒక్కపాలి చెప్పు."

చెప్పాడు. అప్పుడు పగిలింది ఆ పిల్ల. కారు బంపర్ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. భర్త పోయిన రోజున కూడా ఆమె గొంతెత్తి ఏడవలేదని, ఆ హక్కు కూడా తనకు లేదనుకుందని బతుకమ్మకు ఆ క్షణంలో తట్టింది.

బతుకమ్మ మొగుడి చొక్కా పట్టుకుంది.

"తెలిసి గిన్నేండ్లు నోరు మూసుకున్నవా? నేను దాన్ని కుక్కను ఎల్లగొట్టినట్టు ఎల్లగొడ్తుంటె, పక్కన నిలబడి చూసినవా?"

"చూసిన."

"ఎట్ల చూడబుద్ధయింది?"

"నువ్వు దాన్ని తిట్టినప్పుడల్ల, నన్ను తిడ్తలేవని పానం నిమ్మళపడేది." ఆదినారాయణ తల పైకెత్తలేదు. "గంత నీచుణ్ణి నేను."

బతుకమ్మ చెయ్యి చొక్కా వదిలేసింది. వానలో తడుస్తూ ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఇక బయటికి రాదనుకున్నాడు ఆదినారాయణ. వచ్చింది, చేతిలో చెంబెడు నీళ్ళతో. తిన్నగా సువర్ణ ముందుకు వెళ్ళింది.

"కాళ్ళు కడుక్కో."

బయటి నుంచి వచ్చిన ఎవరికైనా ఆ ఇంట్లో ముందు ఇచ్చేది ఆ చెంబే. కరెంటు బిల్లు కొట్టేవాడికి కూడా ఇస్తారు. సువర్ణకు తొమ్మిదేళ్ళు ఇవ్వలేదు.

"అత్తమ్మా..."

"నన్ను తిట్టు. నాలుగు తిట్టి, లోపలికి రా. నీ ఏడుపు చూడకుంట నా ఏడుపే పెద్దదనుకున్న." అని కోడల్ని మీదకు లాక్కుంది. చెంబు జారిపోయి నీళ్ళన్నీ ఇద్దరి కాళ్ళ మీద పడ్డాయి. ఇంట్లోకి పోతూ గోడ మీది జిలేబీ పొట్లం తీసి, వానకు తడవకుండా కొంగు కింద పెట్టుకుంది.

ఆదినారాయణ షెడ్డులోనే ఉండిపోయాడు. లోపల ఆడవాళ్ళ మాటలు అస్పష్టంగా వినిపిస్తున్నాయి. ఏడుపు, మళ్ళీ మాట, మళ్ళీ ఏడుపు. సువర్ణ ఫోన్‌లో అనడం మాత్రం స్పష్టంగా వినపడింది. "బాపూ, బోనకల్ వాళ్ళకు ఇయ్యాళ ఏం చెప్పకు. రేపు నేనొచ్చినంక మాట్లాడుదాం." ఆ ఒక్క మాటకు ఆయన రెండు చేతులూ జోడించబోయి, వాటి నిండా ఉన్న నల్లటి నూనె చూసి దించేశాడు. ఎన్నిసార్లు గుడ్డకు తుడిచినా అది పోవడం లేదు. ఇక ఈ ఇంట్లో తనకు 'ఇగో' అన్న పిలుపు కూడా మిగలదని అర్థమైంది. ఆ శిక్ష న్యాయంగానే తోచింది.

మధ్యాహ్నం దాటింది. వాన కాస్త తెరిపి ఇచ్చింది. షెడ్డు గుమ్మంలో నీడ పడితే తలెత్తాడు. బతుకమ్మ. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. చేతిలో మళ్ళీ నింపిన చెంబు ఉంది. కారును చూసింది, విప్పిన చక్రాన్ని చూసింది, నేల మీద పడున్న ఆ రబ్బరు బిళ్ళను చూసింది. చివరికి మొగుణ్ణి చూసింది.

"నీ మీద కోపం నేను సచ్చేదాక పోదు" అంది.

"పోవద్దు" అన్నాడు.

ఆమె బకెట్ పక్కన గొంతుక్కూర్చుంది.

"సంపత్ నాయినా, చేతులు పట్టు."

ఆదినారాయణ విన్నది నిజమో కాదో తెలియనట్టు చూశాడు. తర్వాత రెండు చేతులూ చాపి, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. బతుకమ్మ నీళ్ళు పోసింది. నూనె మీద నీళ్ళు నిలవకుండా జారిపోయాయి. బకెట్‌లోంచి చింతపండు పిప్పి పిడికెడు తీసి, ఆయన అరచేతుల్లో పెట్టి రుద్దడం మొదలుపెట్టింది.

"జల్దీ కానియ్యి. నువ్వొచ్చేదాక ముద్ద ముట్టనని కోడలు పళ్ళెం ముందట కూసున్నది."